పాత లేజర్ పడవతో ఆరేళ్లు: గాలి పెరిగితే చుక్కాని ఎందుకు గుంజుతుంది

ఆరేళ్ల కింద హైదరాబాద్‌లో ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్ లేజర్ పడవ కొన్నాను. మాది హన్మకొండ. సెలవు రోజుల్లో కాజీపేటలో రైలెక్కి పోయి హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్చుకున్నాను. ఇప్పుడు పడవ కరీంనగర్ దగ్గర లోయర్ మానేరు ఒడ్డున, చేపలు పట్టేవాళ్ల రేకుల షెడ్డు పక్కన బోర్లా పడి ఉంటుంది. ఇంటి నుంచి దాదాపు 70 కిలోమీటర్లు. వానాకాలం ఆదివారాలన్నీ అక్కడే గడుస్తాయి.

తెలియనివాళ్లకు రెండు ముక్కలు. లేజర్ ఒక్కరు నడిపే పడవ. పొడవు 4.2 మీటర్లు, ఒట్టి పడవ బరువు 59 కిలోలు, ఒకటే తెరచాప. బ్రూస్ కిర్బీ అనే కెనడా ఆయన డిజైన్ చేశాడు. 1996 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. ఈ మధ్య పేరు ఐఎల్‌సీఏ అని మార్చారు గానీ మా నోట్లో ఇంకా లేజరే. పడవ అదే ఉంచి మూడు సైజుల తెరచాపలు కట్టుకోవచ్చు. నా బరువు 62 కిలోలు కాబట్టి నడిమి సైజు, రేడియల్ వాడతాను. అది 5.7 చదరపు మీటర్లుంటుంది. పెద్దది 7 దాటుతుంది, నాలాంటివాడు దాని జోలికి పోకూడదు.

మొదటి రెండేళ్లు ఈ పడవను తిట్టుకోని ఆదివారం లేదు. మెల్లటి గాలిలో బాగానే పోతుంది. జూన్ దాటి పడమటి గాలి మొదలైందంటే మాత్రం టిల్లర్ చేతిలోంచి గుంజుకుపోయేది. (టిల్లర్ అంటే మా దిక్కు పొలం దున్నేదే గుర్తొస్తుంది. ఇక్కడ చుక్కానికి ఉండే పిడి అది.) గాలి ఎటు నుంచి వస్తే ముక్కు అటే తిప్పుకుంటానని పడవ మొండికేస్తుంది. ఆపాలంటే పిడిని నా వైపు లాగి పట్టుకోవాలి. ముందు టైరులో గాలి లేని బండి హ్యాండిల్ ఎట్లా ఉంటుందో అట్లా. గంట తిరిగేసరికి మోచేయి నుంచి భుజం దాకా పట్టేసేది. సోమవారం ఆఫీసులో చెయ్యి పైకి లేచేది కాదు. అమ్మినాయన వంకర పడవ అంటగట్టాడని ఇంట్లో అందరికీ చెప్పాను.

మూడో ఏడు జూలైలో, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకాయన నేను పడవ ఒడ్డుకు లాగగానే అడిగాడు: "ఏం బిడ్డా, గాలి గట్టిగ కొట్టినప్పుడల్లా నీ పడవ తోక లేస్తది, చూస్తలేవా?"

"తోకేంది కాకా?"

"గదే, ఎనుకున్న పలక."

లేజర్‌కు చుక్కాని పలక పైకి మడుచుకుంటుంది, ఒడ్డుకు వచ్చేటప్పుడు నేలకు తగలకుండా. దాన్ని కిందికి దించి ఉంచడానికి ఒక సన్నని తాడు పిడి మీదుగా వచ్చి ఒక క్లీట్‌లో, అంటే తాడును పళ్లతో పట్టి ఉంచే బిగింపులో, ఇరుక్కుంటుంది. ఆ క్లీట్ పళ్లు అరిగిపోయి ఉన్నాయి, గోరుతో గీరితే నున్నగా తగిలాయి. నీళ్ల ఒత్తిడి పెరిగితే తాడు కొంచెం కొంచెం జారేది, పలక నాలుగు వేళ్లంత వెనక్కి లేచేది. అంతే. ఆ నాలుగు వేళ్లకే నా భుజం పోయింది.

తలుపుతో పోల్చుకుంటే తెలుస్తుంది. మడతబందు దగ్గర గాలి తోస్తే తలుపును వేలితో ఆపొచ్చు, అంచు దగ్గర తోస్తే రెండు చేతులూ కావాలి. పలక నిలువుగా ఉన్నప్పుడు నీళ్ల ఒత్తిడి మడతబందుకు దగ్గరగా పడుతుంది. వెనక్కి వాలితే దూరం జరుగుతుంది, ఆ బరువంతా మన చేతికొస్తుంది. కొత్త క్లీట్, సాగని తాడు వేశాక అదే గాలిలో పిడి బరువు సగానికి సగం తగ్గినట్టనిపించింది. పాత లేజర్ కొనేవాళ్లు తెరచాప కన్నా ముందు ఈ క్లీట్ చూసుకోండి.

మిగతా సగం నా తప్పే. గాలి 15 నాట్లు, అంటే గంటకు 28 కిలోమీటర్లు దాటితే పడవ పక్కకు ఒరుగుతుంది. ఒరిగిన పడవలో తెరచాప లాగుడు పడవ మధ్యలో ఉండదు, పక్కకు నీళ్ల మీదికి పోతుంది. ఎడ్లబండికి ఒక ఎద్దే గుంజితే బండి రెండో వైపు తిరిగినట్టు, ముక్కు గాలి వైపు తిరుగుతుంది. అప్పుడు టిల్లర్‌తో కొట్లాడితే చుక్కాని నీళ్లలో బ్రేకులా పనిచేస్తుంది, వేగం పడిపోతుంది. చెయ్యాల్సిందేంటంటే, ఉధృతి వస్తుందని నీళ్ల మీద నల్లటి గీత కనబడగానే తెరచాప తాడు ఒక జానెడు వదలాలి, పాదాలు పట్టీ కింద పెట్టి ఒళ్లంతా బయటికి వాల్చాలి, పడవ చదునయ్యాక తాడు మళ్లీ లాగాలి. చెప్పడానికి మూడు పనులు. ఒంటికి పట్టడానికి నాకు ఒక సీజన్ పట్టింది.

తెరచాప సంగతి కూడా ఉంది. నాకు పడవతో వచ్చింది పాతబడి సంచిలా సాగింది. అట్లాంటి తెరచాపకు ఉబ్బు వెనక్కి జరుగుతుంది, పడవను ఇంకా గాలి వైపు తిప్పుతుంది. కనింగ్‌హామ్ తాడు, అంటే మాస్టు (తెరచాప నిలబెట్టే స్తంభం) వెంబడి అంచును కిందికి లాగేది, గట్టిగా బిగిస్తే ఉబ్బు ముందుకొస్తుంది. పైభాగం తెరుచుకుని ఎక్కువైన గాలిని వదిలేస్తుంది. వ్యాంగ్, అంటే తెరచాప కింది అడ్డకర్రను పైకి లేవకుండా పట్టే తాడు, అది కూడా బిగించాలి. ముడతలు పడితే పడనీ, చూడ్డానికి బాగాలేదని నేను చాలా రోజులు లాగలేదు! మరీ గట్టి గాలికి పడవ మధ్యలోంచి నీళ్లలోకి దించే పలకను, డాగర్‌బోర్డును కూడా నాలుగు వేళ్లు పైకి లేపుతాను. పడవ ఒరగడం తగ్గుతుంది.

ఇదంతా చేసినా పిడి కొంచెం గుంజుతూనే ఉంటుంది, ఉండాలి కూడా. చెయ్యి జారితే పడవ తనంతట తానే గాలికి ఎదురు తిరిగి నిలబడుతుంది. ఒక్కడినే నడిపేటప్పుడు అది ధైర్యం. రెండు వేళ్లతో పట్టుకోగలిగితే చాలు.

గాలి వెనక నుంచి వచ్చేటప్పుడు మాత్రం ఈ పడవను ఇప్పటికీ నమ్మను. వ్యాంగ్ మరీ వదులుగా ఉంటే అటూ ఇటూ ఊగి, గాలి వచ్చే వైపుకే బోర్లా పడేస్తుంది. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరూ దిగకండి.

కొనొచ్చా అంటే, 55 నుంచి 70 కిలోల మనిషికి రేడియల్‌తో కొనొచ్చు. పిల్లల్ని ఎక్కించుకుని షికారు తిరగాలనుకుంటే వద్దు, ఇందులో కూర్చోవడం అంటే అంచు మీద వేలాడడమే. పాతది చూసేటప్పుడు మాస్టు దిగే గుంటలో నీళ్లు పోసి నిలుస్తాయో లేదో చూడండి. నేను చూడలేదు. ఇప్పటికీ ప్రతి ఆదివారం వెనక బిరడా తీస్తే సగం చెంబు నీళ్లు కారతాయి. ఆ గుంటకు రెండుసార్లు రెసిన్ వేయించాను, కారడం ఆగలేదు.