ఒకే కుర్చీలో 31 ఏళ్లా, శాఖలు మారడమా? గారన్, హంట్‌లలో ఏది మేలు?

1901 జనవరి 1న ఆరు కాలనీలు కలిసి ఆస్ట్రేలియా ఫెడరల్ ప్రభుత్వం ఏర్పడింది. మంత్రులు ప్రమాణం చేశారు గానీ ఆఫీసులు లేవు, సిబ్బంది లేరు. మొదట ఉద్యోగంలో చేరింది రాబర్ట్ గారన్ అనే లాయరు, ప్రభుత్వ న్యాయ వ్యవహారాలు చూసే అటార్నీ జనరల్ శాఖలో. తొలి గెజిట్‌ను చేత్తో రాసి, తానే పట్టుకెళ్లి ప్రెస్సులో ఇచ్చొచ్చారు. ఆ శాఖకు తలా తోకా తానే అని తర్వాత చెప్పుకున్నారు కూడా. దాని సెక్రటరీగా 1932 దాకా అదే కుర్చీలో ఉన్నారు. ఈలోగా పదిమంది ప్రధానులు మారారు.

అట్లీ హంట్ దారి వేరు. తొలి ప్రధాని బార్టన్‌కు దగ్గరి మనిషి. 1901లోనే విదేశాంగ శాఖ సెక్రటరీ అయ్యారు. 1916లో శాఖే రద్దవడంతో హోం, టెరిటరీల (కేంద్రం నేరుగా పాలించే ప్రాంతాల) శాఖకు వెళ్లారు. 1921 నుంచి ఉద్యోగుల జీతాల తగవులు తీర్చే ఆర్బిట్రేటర్.

మన దగ్గర కలెక్టరు రెండేళ్లు ఒక జిల్లాలో ఉంటే గొప్ప కాబట్టి, గారన్‌ది వింతగా అనిపిస్తుంది. నా ఓటు మాత్రం ఆయనకే. ఊరికే పాతుకుపోయారని కాదు. రాజ్యాంగ ముసాయిదా కమిటీకి సెక్రటరీగా పనిచేసిన మనిషి, అందులో ఏ మాట ఎందుకు పడిందో తెలిసిన మనిషి. కొత్త మంత్రి వచ్చిన ప్రతిసారీ అ ఆల నుంచి మొదలుపెట్టే అవసరం ఉండేది కాదు.

అలాగని తప్పు పట్టడానికి ఏమీ లేదనలేం. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రధాని బిల్లీ హ్యూస్ అడిగిన కఠిన నిబంధనలకు చట్టం భాష తొడిగింది ఈయన కలమే. ఎక్కువకాలం పక్కనే ఉంటే 'కాదు' అనడం కష్టమవుతుంది.

అయినా గారన్ పని గెజిట్‌లో అచ్చయ్యేది, ఎవరైనా చదివి కోర్టుకెక్కవచ్చు. వలసలు కూడా చూసే విదేశాంగ శాఖలో హంట్ చేతిలో ఉన్నది విచక్షణ. 1901 వలస చట్టం ప్రకారం రేవులో దిగిన మనిషికి అధికారి ఏదో ఒక యూరప్ భాషలో 50 మాటల పేరా చదివి వినిపించేవాడు, అది తప్పుల్లేకుండా రాయాల్సి ఉండేది. భాష ఎంచుకునేది అధికారే. ఇంగ్లీషు బాగా వచ్చిన భారతీయుడికి ఇంకో భాష ఇస్తే సరి, ఫెయిల్! ఎవరికి పరీక్ష పెట్టాలి, ఎవరిని వదిలేయాలి అన్నది హంట్ శాఖ ఫైళ్లలో తేలేది. 1904లో భారత వ్యాపారులు, విద్యార్థులు, యాత్రికులు పాస్‌పోర్టుతో ఏడాదిపాటు ఉండొచ్చని సడలింపు ఇచ్చినా, ఆ తర్వాత ఉండాలంటే మళ్లీ ఆ శాఖ దయే. ఇలాంటి కుర్చీలో మాత్రం ఎవరినీ పదిహేనేళ్లు ఉంచకూడదు.

చట్టాలు రాసే చోట సంగతి వేరు. 1933లో పశ్చిమ ఆస్ట్రేలియా విడిపోతామని ఓటేస్తే, కేంద్రం తరఫున జవాబు రాసే కమిటీలోకి రిటైరైన గారన్‌నే పిలిచారు.