విప్‌లాష్, ది డిసైపుల్, స్వాతి కిరణం: సంగీతం నేర్చుకునేవాళ్లకు ఏది మేలు?

సంగీతంలో పైకి రావాలని రగిలిపోయే కుర్రాడి కథ అనగానే ఇప్పుడు మొదట వినిపించే పేరు హాలీవుడ్ సినిమా విప్‌లాష్. జాజ్ డ్రమ్స్ నేర్చుకునే ఆండ్రూ, అతన్ని హింసించి నేర్పే గురువు ఫ్లెచర్ కథ అది. డ్రమ్స్ నేర్చుకునే పిల్లలకే కాదు, వయొలిన్ పట్టినవాళ్లకూ ఎవరో ఒకరు "ఇది చూడు, కసి పుడుతుంది" అని చెబుతూనే ఉంటారు. కసి పుట్టే మాట నిజమే. ఆ కసి చేతికి ఏం నేర్పుతుందన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు కావాలంటే ఇంకో రెండు సినిమాలు పక్కన పెట్టుకుని చూడాలి: 2020లో వచ్చిన మరాఠీ చిత్రం ది డిసైపుల్, 1992 నాటి మన స్వాతి కిరణం. ముగింపులు ముట్టుకోకుండా ఈ మూడింటినీ పోల్చడం కుదరదు కాబట్టి, చూడనివాళ్లు చూశాక చదవడం మంచిది.

పట్టి కూర్చోబెట్టే బలంలో విప్‌లాష్‌కు సాటి లేదు. డామియన్ షజెల్ దీన్ని 19 రోజుల్లో చిత్రీకరించాడు. 2014 జనవరిలో సన్‌డాన్స్ ఉత్సవంలో మొదటిసారి ప్రదర్శించారు. మరుసటి ఏడాది సహాయ నటుడు, ఎడిటింగ్, సౌండ్ మిక్సింగ్ విభాగాల్లో మూడు ఆస్కార్లు వచ్చాయి. ఆ ఎడిటింగ్ అవార్డు ఊరికే రాలేదు. కోతలు దెబ్బ మీద పడతాయి: కర్ర, సింబల్ పళ్లెం, చెమట, ఫ్లెచర్ పిడికిలి, మళ్లీ కర్ర. పేరుకు తగ్గట్టు సినిమాలో ముఖ్యమైన రచన హ్యాంక్ లెవీ రాసిన విప్‌లాష్, 7 లెక్క మీద నడుస్తుంది. మన ఏడు లెక్కల మిశ్రచాపు తాళం అలవాటున్న చెవికి అందులోని కుంటినడక ఇట్టే తెలుస్తుంది. షజెల్ స్వయంగా హైస్కూలు జాజ్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించినవాడు. రిహార్సల్ గదిలో ఉండే భయం అంత నిజంగా కనిపించడానికి అదీ ఒక కారణం.

చిక్కు సాధన దగ్గర వస్తుంది. ఆండ్రూ వేళ్లు చీరుకుపోయి నెత్తురు కారేదాకా వాయిస్తాడు, చేతిని ఐసు నీళ్లలో ముంచి మళ్లీ మొదలుపెడతాడు. తెర మీద అది తపస్సులా ఉంటుంది. డ్రమ్ముల ముందు కూర్చున్నవాడికి మాత్రం అది పట్టు తప్పిందని చెప్పే గుర్తు. కర్రను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక బిందువు దగ్గర వదులుగా ఆనించి, మిగతా వేళ్లతో నడిపించాలి. కొట్టాక అది తనంతట తాను పైకి లేస్తుంది, ఆ ఎగురునే తర్వాతి దెబ్బకు వాడుకోవాలి. పిడికిలి బిగిస్తే ఎగురు చచ్చిపోతుంది. ప్రతి దెబ్బకూ చెయ్యి మళ్లీ లేపాల్సి వస్తుంది, కర్ర చర్మాన్ని రాసుకుని బొబ్బ లేస్తుంది. అంటే వేగం రాకపోవడానికీ నెత్తురు రావడానికీ కారణం ఒక్కటే. ఐసు నీళ్లు నొప్పిని మొద్దుబారుస్తాయి, తప్పును సరిచేయవు. ఆ మొద్దుబారిన చేతితో ఇంకో గంట వాయిస్తే మణికట్టు స్నాయువులు వాచి వారాల తరబడి కర్ర పట్టలేని స్థితి రావచ్చు.

వేగం పెంచే దారి వేరే ఉంది, అది సినిమాకు పనికిరానంత చప్పగా ఉంటుంది. ఫ్లెచర్ అడిగే 215 అంటే నిమిషానికి 215 దెబ్బలు. దాన్ని అందుకోవాలంటే లయను టిక్‌టిక్‌మని లెక్కపెట్టే మెట్రోనోమ్‌ను 120 దగ్గర పెట్టి, భుజాలు వదులుగా ఉన్నంతవరకే నాలుగేసి చొప్పున పెంచుకుంటూ పోవాలి. ముంజేయి బిగుసుకున్న చోట ఆగి, కొంత వెనక్కి రావాలి. రోజుకు 20 నిమిషాలు ఇలా చేస్తే వారాల్లో తేడా కనిపిస్తుంది. ఫ్లెచర్ అడిగే ప్రశ్న, "కాలం పరిగెత్తిందా, వెనకబడిందా?" అన్నది, నిజానికి గొప్ప ప్రశ్న. ప్రతి విద్యార్థీ రోజూ వేసుకోవాల్సింది. అయితే చెంపదెబ్బతో అడిగితే కుర్రాడి చెవి లయ మీద ఉండదు, ఎదుటివాడి చేతి మీద ఉంటుంది. అదే వాయింపును ఫోన్లో రికార్డు చేసి మెట్రోనోమ్ పక్కన పెట్టి వినిపిస్తే రెండు నిమిషాల్లో జవాబు దొరుకుతుంది.

ఫ్లెచర్ తన క్రూరత్వానికి ఆధారంగా చెప్పే కథ కూడా వంకర తిరిగిందే. డ్రమ్మర్ జో జోన్స్ సింబల్‌ను, తర్వాత జాజ్‌లో మహా శాక్సఫోన్ విద్వాంసుడైన చార్లీ పార్కర్ తలకేసి విసిరాడనీ, ఆ అవమానం నుంచే పార్కర్ పుట్టాడనీ అంటాడు. 1930లలో కాన్సాస్ సిటీలో జరిగింది అది కాదు: దారి తప్పిన కుర్రాడిని ఇక ఆపమని చెప్పడానికి సింబల్‌ను నేల మీద పడేశాడు. ఆ తర్వాత పార్కర్ ఓజార్క్ కొండల్లో ఒక వేసవి గడుపుతూ శాక్సఫోన్ వాద్యకారుడు లెస్టర్ యంగ్ రికార్డులు పదేపదే విని, ఆ సోలోలను స్వరం స్వరం నేర్చుకున్నాడు. అతన్ని మార్చింది ఆ వినికిడి. సినిమా ఈ సగాన్ని వదిలేసింది.

ఇక్కడే స్వాతి కిరణం పక్కన నిలబడుతుంది. రెండు కథల్లోనూ గురువు నీడలో ఒక శిష్యుడు ప్రాణం తీసుకుంటాడు. చాలామంది గమనించని పోలిక ఇది. విప్‌లాష్‌లో ఆ శిష్యుడు తెర మీదికే రాడు. ఫ్లెచర్ దాన్ని కారు ప్రమాదమని అబద్ధం చెబుతాడు, కథ దాన్ని దాటుకుని కచేరీకి వెళ్లిపోతుంది, చివర్లో అదే గురువు చిరునవ్వుతో మనకు చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కె. విశ్వనాథ్ అలా దాటనివ్వలేదు. మమ్ముట్టి పోషించిన అనంతరామశర్మ కర్ర ఎత్తడు, కుర్చీ విసరడు. గంగాధరం తనకన్నా సహజంగా పాడతాడన్న సంగతి ఆయన్ని లోపల తొలిచేస్తుంది. పిల్లవాడి చావు తర్వాత ఆ విద్వత్తు అంతా కుప్పకూలుతుంది. గురువు కోపం వెనక అసూయ ఉండొచ్చన్న మాట విప్‌లాష్ అననే అనదు. గంగాధరంగా నటించిన మంజునాథ్ పెదవులకు వాణీ జయరాం ఇచ్చిన గొంతు, ముఖ్యంగా ఆ చిత్రానికి ఆమెకు జాతీయ అవార్డు తెచ్చిన "ఆనతినీయరా", ఆ అసూయకు చాలినంత కారణం చూపిస్తుంది. వినగానే శర్మ బాధ అర్థమవుతుంది. లోపమల్లా ఒకటే: గంగాధరం పుట్టుకతోనే విద్వాంసుడు. సాధన చేసే పిల్లవాడికి అతనిలో తన మొహం కనిపించదు.

ఆ మొహం కనిపించేది ది డిసైపుల్‌లో. చైతన్య తమ్హాణే తీసిన ఈ సినిమాకు వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ స్క్రీన్‌ప్లే అవార్డు వచ్చింది. శరద్ పాత్ర వేసిన ఆదిత్య మోదక్, గురువు వేషం వేసిన అరుణ్ ద్రవిడ్ ఇద్దరూ తెర బయట కూడా గాయకులే. అందుకే కెమెరా కోతలు పెట్టి దాచాల్సిన పని లేదు. దూరంగా నిలబడి, ఒక ఆలాపన మొదలై ఎక్కడ తడబడిందో మొత్తం విననిస్తుంది. శరద్ రాత్రుళ్లు బండి మీద ముంబై రోడ్లలో తిరుగుతూ గురువుకు గురువైన మాయి ప్రసంగాలు చెవిలో పెట్టుకుని వింటాడు. జబ్బుపడిన గురువుకు సేవ చేస్తాడు, పోటీలో పేరు రాక వెనుదిరుగుతాడు. అతనిలో నిష్ఠకు లోటు లేదు, సోమరితనం లేదు, గురువు క్రూరుడు కాడు. అయినా పాట ఒక మెట్టు దగ్గర ఆగిపోతుంది, ఏళ్లు గడిచిపోతాయి. శరద్ గొంతులో కనిపించేది ఆండ్రూ చేతిలో కనిపించిన బిగువే: తప్పు రాకూడదన్న భయంతో ప్రతి స్వరాన్నీ ముందే పట్టుకుని ఉంచడం. ఆండ్రూకు దాన్ని విజయంగా మార్చి ఇచ్చారు. శరద్‌కు అలా ఇవ్వలేదు.

అందుకే సంగీతం నేర్చుకునేవాళ్లకు నా ఓటు ది డిసైపుల్‌కే. మొదటి అరగంట నెమ్మదిగా ఉంటుంది. ఫోన్ స్పీకర్‌లో తంబురా శ్రుతి సరిగా వినబడదు కాబట్టి హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. పాఠం చెప్పేవాళ్లూ, పిల్లల్ని పోటీలకు తిప్పే తల్లిదండ్రులూ ముందు స్వాతి కిరణం చూడాలి. విప్‌లాష్‌ను వద్దనను, కాకపోతే కాలప్రమాణం చేతికి కుదిరాక చూడటం మేలు. అప్పుడు చివర్లో ఆండ్రూ క్యారవాన్ అనే జాజ్ రచనలో వాయించే సోలోలో అసలు పని కనిపిస్తుంది: దెబ్బలు దాదాపు ఆగిపోయేంత నెమ్మదించి, ఒక్కొక్కటిగా దగ్గరవుతూ మళ్లీ వేగం అందుకునే చోటు. దాన్ని కొత్త చెయ్యి ఎప్పుడూ తొందరపడి పాడుచేస్తుంది. ఆ ఒక్క భాగాన్నీ సాధన చేసే రబ్బరు ప్యాడ్ మీద, 60 నుంచి 160 దాకా, రెండు నిమిషాలు తీసుకుని వాయించి చూడండి.