వైన్ టేస్టింగా, వైన్ డిన్నరా?

నాందేడ్‌లో మన పేట రెస్టారెంట్ రెండూ పెడితే, మొదటిసారి వెళ్లేవాళ్లు టేస్టింగ్‌కే వెళ్లాలని నా అభిప్రాయం.

టేస్టింగ్‌లో గ్లాసుకు సుమారు 50 మిల్లీలీటర్లే పోస్తారు. నాసిక్ వైట్ వైన్లు షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్, రెడ్ వైన్ షిరాజ్ పక్కపక్కన పెట్టుకుని వాసన చూసి, ఒక గుక్క తాగొచ్చు. నచ్చకపోతే ఉమ్మేయొచ్చు, మొహమాటం అక్కర్లేదు. ఏది మన నోటికి పడుతుందో గంటలో తేలిపోతుంది. ఖర్చూ తక్కువే. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లకండి.

డిన్నర్ సంగతి వేరు, అక్కడ వంటకానికో వైన్ జతగా ఇస్తారు. వైన్ బాగుంటే చాలదు, కంచంలో ఉన్నదానితో కుదరాలి. మనకు చిక్కంతా కారం దగ్గరే. ధర్మాబాద్ మిర్చి దట్టించిన మటన్ కూర తిని షిరాజ్ తాగి చూడండి: ఆల్కహాల్ మంటను ఇంకా పెంచుతుంది, రెడ్ వైన్‌లో ఉండే వగరు పదార్థం టానిన్ వల్ల నోరు పిడచకట్టుకుపోతుంది. అదే కూరకు కాస్త తీపి ఉన్న షెనిన్ బ్లాంక్ బాగా చల్లగా ఇస్తే మంట దిగి మసాలా రుచి తెలుస్తుంది. చింతపండు పులుసుకైతే పులుపెక్కువున్న సావిన్యాన్ బ్లాంక్. పులుపు తక్కువున్న వైన్ ఆ పులుసు పక్కన చప్పబడిపోతుంది. షిరాజ్‌ను కారం తగ్గించి నిప్పుల మీద కాల్చిన మాంసానికి అట్టేపెట్టాలి. వంటమాస్టర్ ఇవన్నీ ముందే రుచి చూసి జత కుదిర్చితే ఆ డబ్బు దండగ కాదు. మామూలు మెనూకే నాలుగు గ్లాసులు తగిలిస్తే మాత్రం వద్దు. బుక్ చేసేముందు ఏ వంటకానికి ఏ వైనో అడగండి.

మన ఎండలకు రెడ్ వైన్ కూడా 16–18 డిగ్రీల చల్లదనంలో ఇవ్వాలి. రెండింటికీ బండి ఇంట్లో పెట్టి ఆటోలో వెళ్లండి.