సెనెకా టర్బో పోయిందన్నారా? ఆ షాపుకి చెక్కు రాసే ముందు సబ్బునీళ్లు తీయండి

ఆ షాపు పేరు రాయను. టెక్సస్‌లో పాత ట్విన్లు (రెండింజిన్ల చిన్న విమానాలు) ఉన్న మనవాళ్లకి చెప్పకుండానే అర్థమవుతుంది. కాఫీ ఫ్రీ, మిగతాదంతా గంటల లెక్క.

సంగతి క్లుప్తంగా: నా పైపర్ సెనెకా 2 విమానం, కుడి ఇంజిన్. 9,000 అడుగుల్లో ఎడమ థ్రాటిల్ లీవర్ సగం పైన తోస్తే మ్యానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి) 33 అంగుళాలు వస్తోంది, కుడిది చివరిదాకా తోసినా 28 దాటట్లేదు. ఫ్యూయల్ ఫ్లో కూడా దానితోపాటే తగ్గింది. ఆర్‌పీఎం మాత్రం రెండూ సమానం, ప్రొపెల్లర్ వేగాన్ని నిలబెట్టే గవర్నర్ ఉంది కాబట్టి అది ఏమీ చెప్పదు. షాపువాళ్లు కౌలింగ్ (ఇంజిన్ మూత) తీసి రెండు నిమిషాలు చూసి "టర్బో అయిపోయింది" అన్నారు. టర్బో అంటే ఎగ్జాస్ట్ తోపుతో తిరుగుతూ ఇంజిన్‌లోకి గాలి ఒత్తి పంపేది. ఎక్స్‌చేంజ్ యూనిట్ (పాతది ఇచ్చి తీసుకునే టర్బో), లేబర్, రెండూ కలిపి ఆరువేల డాలర్ల పైచిలుకు. నేనూ తలూపాను. నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి.

కొత్త టర్బోతో గ్రౌండ్ మీద 40 అంగుళాలు వచ్చింది, సంతకం పెట్టాను. పైకెళ్తే మళ్లీ అదే కథ. వేరే మెకానిక్ ఇరవై నిమిషాల్లో పట్టాడు: కంప్రెసర్ నుంచి థ్రాటిల్ బాడీకి వెళ్లే రబ్బరు గొట్టం, కింది వైపు, సరిగ్గా క్లాంప్ అంచున చీలిక. పైనుంచి చూస్తే గొట్టం నిక్షేపంగా ఉంది. సబ్బునీళ్లు పోస్తే ఇడ్లీ పిండి పొంగినట్టు నురగ.

ఇంతవరకు అయితే పనితనం లేదనుకుని ఊరుకునేవాడిని. కానీ ఆ మెకానిక్ టార్చి వేసి వేస్ట్‌గేట్ (ఎగ్జాస్ట్‌ని టర్బో పక్కనుంచి బయటికి వదిలే దారి) బైపాస్ స్క్రూ చూపించాడు. లాక్‌నట్ మీది పాత పెయింటు పగిలి ఉంది, పక్కనే రెంచి కొరికిన కొత్త మెరుపు. లాగ్‌బుక్‌లో దాని గురించి ఒక్క ముక్క లేదు. అంటే గాలి ఎక్కడ పోతోందో వెతక్కుండా, స్క్రూ లోపలికి తిప్పి, గ్రౌండ్ మీద 40 చూపించి, నా చేత సంతకం పెట్టించారు. ఫోన్ చేసి అడిగితే జవాబు: "40 వచ్చిందిగా? పైన రాకపోతే అది మీ ఫ్లయింగ్." అవును మరి, గొట్టం నేనే పళ్లతో కొరికాను.

తెలియనివాళ్లకి ఇది ఎందుకు ప్రమాదమో చెప్తాను. సెనెకా 2లోని కాంటినెంటల్ టీఎస్ఐఓ-360-ఈ రకం ఇంజిన్లలో వేస్ట్‌గేట్ తనంతట తాను కదిలేది కాదు. ఎగ్జాస్ట్ ఎంత పక్కకి పోవాలో గ్రౌండ్ మీద స్క్రూతో ఒకసారి సెట్ చేస్తారు, అంతే. దాన్ని లోపలికి తిప్పితే ఎగ్జాస్ట్ ఎక్కువ టర్బైన్ మీదకే వెళ్తుంది. టర్బో వేగం, వేడి, బ్యాక్ ప్రెషర్ అన్నీ పెరుగుతాయి. గొట్టం చీలి ఉన్నంతకాలం తేడా తెలీదు. గొట్టం మార్చిన రోజు అలవాటుగా లీవర్ తోస్తే 40 దాటి ఓవర్‌బూస్ట్ (పరిమితి మించిన ఒత్తిడి). అదీ టేకాఫ్‌లో, అదీ ఒక్క వైపే.

మీకూ ఇదే లక్షణం వస్తే, టర్బో జోలికి వెళ్లకముందు:

ఇంజిన్లు ఆపి ఉన్నప్పుడు మ్యానిఫోల్డ్ ప్రెషర్ గేజ్ చూడండి. రెండు ముళ్లూ బయటి గాలి ఒత్తిడే చూపాలి, సముద్రమట్టం దగ్గర 30కి కాస్త అటూ ఇటూ, వెయ్యి అడుగులకి సుమారు ఒక అంగుళం తక్కువ. ముళ్లు కలవకపోతే ముందు గేజే అబద్ధం చెప్తోంది.

ఐడిల్ గమనించండి. ఐడిల్ చక్కగా ఉండి పవర్ మాత్రమే రాకపోతే లీకు థ్రాటిల్ బాడీకి ముందుంది. ఐడిల్‌లోనే దడదడలాడుతూ మ్యానిఫోల్డ్ ప్రెషర్ ఎక్కువ చూపిస్తే లీకు దాని తర్వాత, ఇంటేక్ పైపుల వైపు.

మ్యానిఫోల్డ్ ప్రెషర్ బాగుండి పవర్ లేకపోతే టర్బోని తిట్టొద్దు. ఒక్క సిలిండర్ ఈజీటీ (ఎగ్జాస్ట్ వేడి) తేడాగా ఉంటే ప్లగ్గో ఇంజెక్టరో. ఇక్కడో మోసం ఉంది: పాత ఫ్యూయల్ ఫ్లో గేజ్ నిజానికి కొలిచేది ఒత్తిడిని. ఇంజెక్టర్ మూసుకుపోతే ఫ్లో తగ్గినట్టు కాదు, పెరిగినట్టు చూపిస్తుంది. ఎత్తులోనే మిస్‌ఫైర్ వస్తోందంటే మాగ్నెటోలు (ప్లగ్గులకి కరెంటు ఇచ్చేవి), ప్లగ్గు గ్యాపులు చూడాలి. రెసిస్టర్ ప్లగ్గు 5,000 ఓమ్‌లు దాటితే పారేయడమే.

లీకు పట్టడానికి షాప్ వాక్యూమ్ ఊదే వైపు చాలు, ఎయిర్ కంప్రెసర్ నేరుగా పెట్టొద్దు. మాగ్నెటోలు ఆఫ్, తాళం జేబులో, ప్రొపెల్లర్‌కి దూరం. థ్రాటిల్ తెరిచి ఇన్‌లెట్‌లోకి ఊది, ప్రతి క్లాంప్ కిందా సబ్బునీళ్లు పోయండి, గొట్టం వంచి మరీ. తర్వాత టెయిల్‌పైప్‌లోంచి ఊది ఎగ్జాస్ట్ చూడండి. స్లిప్ జాయింట్ల దగ్గర చల్లగా ఉన్నప్పుడు కొన్ని బుడగలు మామూలే. వెల్డుల దగ్గర, టర్బో ఫ్లాంజి దగ్గర బుడగలొస్తే మాత్రం కాదు. తెల్లటి బూడిద చారలు కూడా లీకు గుర్తే. టర్బో టెయిల్‌పైప్ వీ-బ్యాండ్ క్లాంప్ ముక్కలని స్పాట్ వెల్డు చేసిన రకం అయితే 2023 ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) ఆదేశం ప్రకారం 500 గంటలకి మార్చాలి, దాని గంటలు లాగ్‌బుక్‌లో వెతకండి.

చివరగా, చల్లారిన కంప్రెసర్ చక్రాన్ని వేలితో తిప్పండి. గీరుకోకుండా తిరిగి, రెక్కలు బాగుండి, పైపులో నూనె లేకపోతే టర్బో బతికే ఉంది.

నా పాత టర్బో తిరిగివ్వమంటే "కోర్ (ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చిన పాత యూనిట్) వెళ్లిపోయింది" అన్నారు. తీసిన పార్టు చూపించాకే పంపాలని ముందే రాయించుకోండి. బైపాస్ లాక్‌నట్‌కి ఫోటో తీసి పెట్టుకోండి.

ఇప్పుడు ఆ స్క్రూ మళ్లీ మాన్యువల్ ప్రకారం సెట్ చేయించాలి. ఆ లేబరూ నా జేబులోంచే.