జాగ్రత్త: డిజిటల్ రేంజ్‌ఫైండర్‌కు సెకండ్ హ్యాండ్ వైడ్ లెన్సు కొంటున్నారా? పంపిన నమూనా ఫోటో ఏ కెమెరాతో తీసినదో ముందు అడగండి

ఈ రోజు ఉదయం పది గంటలకు ఆ మనిషితో ఫోనులో మాట్లాడాను. ఇప్పుడు రాత్రయింది, చేతుల వణుకు తగ్గింది కాని కోపం తగ్గలేదు. పాత కెమెరాలు, లెన్సులు కొని అమ్ముకునే మన తెలుగువారిలో చాలామందికి ఆయన ఎవరో వేరే చెప్పనక్కరలేదు. వారానికి మూడు నాలుగు ప్రకటనలు పెడతారు, ప్రతి దానిలోనూ "కొత్తదానిలా ఉంది" అని రాస్తారు. పేరు నేను రాయడం లేదు. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను, ఎందుకంటే ఆయన దగ్గర ఇంకా సరుకు ఉంది.

నాది విజయనగరం. నా కెమెరా లైకా ఎం9, అంటే లెన్సులోంచి కాక పక్కనున్న చిన్న కిటికీలోంచి చూసి తీసే డిజిటల్ రేంజ్‌ఫైండర్; మా బావ కొన్నాళ్లు వాడి పక్కన పెట్టేస్తే రెండేళ్ల కిందట నా చేతికి వచ్చింది. దానికి నా దగ్గర 35 మిల్లీమీటర్ల లెన్సు ఒక్కటే ఉండేది. పొడవాటి చెట్టు మాను కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు మూడు లాంతర్ల కూడలి దగ్గర నిలబడి చూసినవారికి నా ఇబ్బంది అర్థమవుతుంది. వెనక్కి ఒక్క అడుగు వేసే చోటు ఉండదు. 35తో తీస్తే ఫ్రేములో మాను పడినప్పుడు జనం పడరు, జనం పడినప్పుడు మాను కొసన కూర్చున్న పూజారి పడరు. అందుకని ఈ ఏడు ఎలాగైనా ఇంకా వెడల్పుగా చూపే 21 మిల్లీమీటర్ల లెన్సు కొనాలనుకున్నాను. లైకా వారి సొంత లెన్సు నా జీతానికి అందేది కాదు, జీస్ కంపెనీ బయోగాన్ లెన్సు కూడా అందలేదు. మిగిలింది జపాన్‌లో కోసినా కంపెనీ వోయిగ్ట్‌లాండర్ పేరుతో తయారుచేసిన ఎఫ్4 కలర్ స్కోపార్. చిన్న లెన్సు, 39 మిల్లీమీటర్ల ఫిల్టరు పడుతుంది, మెడకు బరువనిపించదు. ఈయన 26,500 రూపాయలకు ఇస్తానన్నారు.

నేను ఏమీ తెలుసుకోకుండా డబ్బు పంపలేదు. ఈ లెన్సును ఎం9 మీద పెడితే ఫోటో ఎడమ అంచున ఎర్రటి జీర, కుడి అంచున పచ్చటి ఛాయ వస్తాయని ముందే చదివి ఉన్నాను. అందుకే ఇలా రాసి పంపాను: "నా కెమెరా ఎం9. ఈ లెన్సుతో అంచుల్లో రంగు మారుతుందని విన్నాను. మీరు వాడినప్పుడు అలా వచ్చిందా? ఆకాశం ఎక్కువగా ఉన్న ఫోటో ఒకటి, కత్తిరించకుండా పంపగలరా?" అరగంటలో ఒక ఫోటో వచ్చింది. సముద్రం, పైన మబ్బు పట్టిన ఆకాశం, ఒడ్డున బోల్తా వేసిన తెప్ప. దాని కింద ఆయన మాటలు: "చూసుకోండి మాస్టారూ, ఈ మూల నుంచి ఆ మూల దాకా ఎంత శుభ్రంగా ఉందో." నిజంగానే శుభ్రంగా ఉంది. ఆకాశం ఒకే బూడిద రంగులో ఉంది. లోపలి గాజులకు బూజు పట్టిందా అని అడిగితే "ఫంగస్ లేదు, నాదే బాధ్యత" అన్నారు. ఆ రాత్రే యూపీఐలో మొత్తం సొమ్ము పంపేశాను.

పార్శిలు శనివారం వచ్చింది. లెన్సుతో పాటు ఇస్తానన్న వ్యూఫైండరు అందులో లేదు. ఫోటోలో ఎంత మేర పడుతుందో కిటికీలో చూపే ఫ్రేమ్ గీతలు ఎం9లో 28 మిల్లీమీటర్ల కంటే వెడల్పు లెన్సులకు ఉండవు కాబట్టి, 21 వాడేవారికి కెమెరా నెత్తిన విడిగా ఒక వ్యూఫైండరు, అంటే చూసే కిటికీ, అవసరం. పండగ హడావుడిలో దాని గురించి నిలదీయలేదు, ఉత్సవం అయ్యాక అడుగుదామనుకుని అంచనా మీదే తీయడానికి సిద్ధపడ్డాను. లెన్సు లోపలికి టార్చి వేసి చూడలేదు. ఇది నా తప్పు, ఒప్పుకుంటున్నాను. ఇంట్లో బంధువులు దిగారు, బడిలో పరీక్ష పేపర్లు మిగిలి ఉన్నాయి, అయినా రెండు నిమిషాల పనికి తీరిక లేకపోయిందని చెబితే అది సాకు మాత్రమే అవుతుంది.

మంగళవారం మధ్యాహ్నం నుంచి చీకటి పడే దాకా తీశాను. ఊరేగింపులో ముందుగా పాలధార వెళ్లింది, బెస్తవారి వల వెళ్లింది, తెల్ల ఏనుగు వెళ్లింది, ఆ తర్వాత సిరిమాను కదిలింది. చుట్టూ ఉన్నవారు అరటిపళ్లు విసురుతున్నారు, అందరి తలలూ పైకెత్తి ఉన్నాయి, ఆ తలలూ మానూ పూజారీ మొదటిసారిగా ఒకే ఫ్రేములో పడుతున్నాయన్న సంతోషంలో నేనున్నాను. ఎం9 వెనక ఉన్న తెర రెండున్నర అంగుళాలది, ఎండలో దాని మీద ఏ రంగూ సరిగ్గా కనబడదు. అందుకే రాత్రి కంప్యూటరులో తెరిచే దాకా నాకేమీ తెలియలేదు.

ప్రతి ఫోటోలోనూ ఎడమవైపు ఆకాశం పలుచటి కుంకుమ నీళ్లు చల్లినట్టు ఎర్రబడి ఉంది. ఎడమ పక్కన నిలబడ్డవారి తెల్ల పంచెలు గులాబి రంగుకు తిరిగాయి. కుడివైపు ముఖాలు పసరు పూసినట్టున్నాయి. అంతకంటే పెద్ద దెబ్బ సాయంత్రం ఎండకు ఎదురుగా తీసిన ఫోటోలది: నలుపు నలుపుగా లేదు, మాను మీదంతా పొగమంచు పరుచుకున్నట్టుంది. అప్పుడు లెన్సు ఊడదీసి, అపర్చరును (కాంతి లోపలికి వచ్చే రంధ్రాన్ని) పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోను టార్చి వేసి చూశాను. లోపలి గాజు మీద ఒక ఒడ్డు నుంచి సాలెగూడు పోగుల్లాంటి తీగలు అల్లుకుని ఉన్నాయి. ఫంగస్. కొత్తది కాదు, బాగా ముదిరినది.

రంగు మారడానికి కారణం ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే ఆయన చేసిన మోసమంతా దాని మీదే ఆధారపడి ఉంది. ఇలాంటి చిన్న వైడ్ లెన్సుల్లో వెనక గాజు కెమెరా లోపలికి చొచ్చుకుపోయి ఉంటుంది, అక్కడ నుంచి బయల్దేరిన కాంతి అంచులను చేరేసరికి బాగా ఏటవాలుగా పడుతుంది. ఫిల్ముకు ఆ వాలుతో పెద్ద పేచీ లేదు, వెలుగు ఏ కోణంలో వచ్చినా అదే రంగుగా పట్టుకుంటుంది. డిజిటల్ సెన్సారు మీద మాత్రం సూక్ష్మమైన కటకాలు, రంగు ఫిల్టర్లు, పైన ఒక పలక గాజు ఉంటాయి. వాలుగా వచ్చిన కాంతి వాటిని దాటేటప్పుడు రంగుల పాళ్లు తప్పుతాయి. 2009లో వచ్చిన ఎం9 పూర్తి ఫ్రేము సెన్సారు ఉన్న మొదటి డిజిటల్ రేంజ్‌ఫైండరు కాబట్టి, మూలల దాకా ఆ సమస్య దానికి బాగా తగిలింది. 2006 నాటి లైకా ఎం8లో సెన్సారు చిన్నది, 21 లెన్సు అక్కడ 28లా పనిచేస్తుంది, చివరి మూలలు ఫ్రేములోకి రావు. దానికి పరారుణ కాంతితో వేరే తలనొప్పి ఉంది. ఇందులో లెన్సు తయారుచేసినవారి తప్పేమీ లేదు. వారు దాన్ని ఫిల్ము కెమెరాల కోసం చేశారు, ఆ పని అది చక్కగా చేస్తుంది.

ఉదయం ఫోను చేశాను. ముందు రంగు విషయం చెప్పాను. మీరు పంపిన ఫోటోలో ఇది లేదు కదండీ అన్నాను. ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "అది ఫిల్ము మీద తీసి స్కాన్ చేసింది మాస్టారూ. నా దగ్గర డిజిటల్ బాడీ ఎక్కడుంది?" అన్నారు. నా కెమెరా ఎం9 అని స్పష్టంగా రాశాను కదా, అంచుల్లో రంగు గురించే అడిగాను కదా అంటే వచ్చిన జవాబు ఇది: "మీరు ఫోటో అడిగారు, నేను ఫోటో పంపాను. డిజిటల్‌లో తీసిందే కావాలని మీరు రాయలేదు. అది డిజిటల్‌లో తీశానని నేనూ అనలేదు."

ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. పొద్దుటి నుంచి అక్కడే ఉన్నాను. నా ప్రశ్న ఆయనకు అర్థం కాకపోతే ఒక దారి. అర్థమైంది. నేను దేనికి భయపడుతున్నానో తెలిసింది. ఆ భయం పోగొట్టే ఫోటో ఫిల్ము కెమెరాతో తీసినవాటిలోనే దొరుకుతుందని కూడా ఆయనకు తెలుసు. వెతికి, అచ్చం నేను అడిగినట్టే ఆకాశం ఎక్కువగా ఉన్నదాన్ని ఏరి పంపారు. "నాకు తెలియదు, నేను ఫిల్ములోనే వాడాను" అని ఒక్క వాక్యం రాసి ఉంటే నేను ధర తగ్గించమని అడిగేవాడిని, లేదా మానుకునేవాడిని. ఆ ఒక్క వాక్యం రాయకపోవడానికే ఆయన ఆ ఫోటో పంపారు.

ఫంగస్ మాట ఎత్తితే "మీది సముద్రం గాలి కదా, మీ ఊళ్లో పట్టి ఉంటుంది" అన్నారు. శనివారం వచ్చిన లెన్సు, బుధవారం ఉదయం. నాలుగు రోజుల్లో ఏ ఊరి గాలికీ గాజు లోపల అంత అల్లిక రాదు. తేమలో నెలల తరబడి మూసి ఉంచితే వస్తుంది. ఆ సంగతే చెప్పాను. "ఇరవై ఆరు వేలకు ఇంకేం వస్తుందనుకున్నారు? చదువు చెప్పేవారు, ఆ మాత్రం చూసుకుని కొనక్కరలేదా?" అని ఫోను పెట్టేశారు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. మధ్యాహ్నానికి నా నంబరు బ్లాక్ అయింది, లెన్సు ప్రకటన కూడా మాయమైంది. ప్రకటన ఫోటోలు, మా మధ్య నడిచిన మాటలు, డబ్బు పంపిన రశీదు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. రేపు ఫిర్యాదు చేయబోతున్నాను.

ఆయన చివరి మాట నన్ను బాధపెట్టింది, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది. పిల్లలకు ప్రశ్న జాగ్రత్తగా చదవమని రోజూ చెప్పేవాడిని, ఆయన జవాబును జాగ్రత్తగా చదవలేదు. "వచ్చిందా?" అని అడిగితే "రాలేదు" అనలేదాయన. నాకు కావలసిన జవాబును ఆ బూడిద రంగు ఆకాశంలో నేనే చదువుకున్నాను.

పోయిన ఫోటోలలో కొన్నిటినైనా దక్కించుకోవచ్చేమోనని సాయంత్రం కూర్చున్నాను. రంగు జీర వరకు మందు ఉంది. ఎం9 మెనూలో లెన్సును చేత్తో ఎంచుకునే వీలుంది, ఆ పట్టికలో లైకా లెన్సులే ఉంటాయి కాని పాత 21 ఎల్మరిట్‌ను ఎంచుకుంటే కొంత తగ్గుతుంది. అదే అపర్చరులో తెల్లటి సమతలాన్ని ఒకసారి ఫోటో తీసి ఉంచుకుంటే, కార్నర్‌ఫిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఆ కొలతతో మిగతా ఫోటోల అంచులను సరిచేస్తుంది. నావి చాలావరకు సర్దుకున్నాయి. ఫంగస్ వల్ల పోయిన నలుపుకు మాత్రం ఏ మందూ లేదు. సిరిమాను మూడోసారి కోట వైపు కదిలినప్పుడు, పడమటి వెలుగులో పూజారి చేయి ఎత్తిన ఫోటో ఒకటుంది. అది తెల్లటి పొగలోనే ఉండిపోతుంది. మళ్లీ అలాంటి రోజు కావాలంటే ఏడాది ఆగాలి.

కొనేవారికి నాలుగు మాటలు. మీ కెమెరా మోడల్ ఏదో, అదే మోడల్‌తో తీసిన అసలు ఫైలు పంపమని రాతపూర్వకంగా అడగండి. ఫైలులో కెమెరా పేరు నమోదై ఉంటుంది, స్కాన్ చేసిన దానిలో ఉండదు. అపర్చరు తెరిచి వెనక నుంచి టార్చి వేసిన వీడియో చూడకుండా డబ్బు పంపకండి. పార్శిలు విప్పేటప్పుడు వీడియో తీయండి. 21 తప్పనిసరి కాకపోతే 28 చూడండి, వాటిలో ఈ రంగు బాధ సాధారణంగా తక్కువ, పైగా ఎం9లోనే దాని ఫ్రేమ్ గీతలు ఉన్నాయి. వోయిగ్ట్‌లాండర్ 15 మిల్లీమీటర్ల లెన్సు కొనాలనుకునేవారు మూడో వెర్షనే చూడండి, దాన్ని డిజిటల్ సెన్సార్లను దృష్టిలో పెట్టుకుని మళ్లీ రూపొందించారు. నేను చెబుతున్న ఆయన దగ్గర నిన్నటికి ఒక 15 అమ్మకానికి ఉంది, అది ఎన్నో వెర్షనో ప్రకటనలో రాయలేదు.