పర్లాకిమిడి షెడ్డులో ఏడేళ్ల త్రీఫేజ్ వైరింగు: ఏది నిలిచింది, ఏది మార్చాల్సి వచ్చింది

ఇంటి వెనక రేకుల షెడ్డు, అందులో చెక్క చిత్రిక పట్టే 5 హెచ్‌పీ ప్లేనరు, 3 హెచ్‌పీ రంపం మిషను, పొట్టు లాగే 1 హెచ్‌పీ ఫ్యాను. మూడూ 415 వోల్టుల త్రీఫేజ్ మోటార్లే. వైరింగు 2018 వేసవిలో వేసింది. ఏడేళ్ల తర్వాత లెక్క చూస్తే, పెట్టిన ప్రతి రూపాయికీ పని చేసింది ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎర్తులోకి కారగానే లైను కోసే స్విచ్చి. ఎర్తు గోతులు సగం గిట్టాయి. మొదట బిగించిన వోల్టేజి రకం సింగిల్ ఫేజ్ ప్రివెంటరు (ఎస్పీపీ, ఒక ఫేజు పోతే మోటారును ఆపేది) శుద్ధ దండగ.

ముందు ఎర్తు సంగతి. మన వైపు అందరికీ దీని మీదే గురి ఎక్కువ, అపోహలూ ఎక్కువే. రెండు గోతులు, ఒక్కోదానిలో లోపలి వ్యాసం 38 మి.మీ. ఉన్న రెండున్నర మీటర్ల జీఐ పైపు, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస కల్లుప్పు. రెంటి మధ్య దూరం 5 మీటర్లు, అంటే పైపు పొడవుకు రెట్టింపు. అంతకంటే దగ్గరగా తవ్వితే రెండూ ఒకే మట్టిని పంచుకుంటాయి, రెండో గొయ్యి ఖర్చు వృథా. మహేంద్రగిరి కింద మన ఎర్ర గరప నేల వానాకాలం ఎంత మెత్తనో మే నెలకు అంత బండ. ఎర్తు టెస్టరుతో కొలిస్తే వానల్లో 4 ఓంలు చూపే ఈ జంట ఎండాకాలం 9 దాకా ఎక్కుతుంది. వారానికి రెండు బకెట్ల నీళ్లు పోస్తే 6కి దిగుతుంది, పోయడం మానితే మళ్లీ మామూలే.

ఎర్తు బాగుందో లేదో చూడ్డానికి ఇక్కడ సాధారణంగా ఫేజుకీ ఎర్తుకీ మధ్య వంద వాట్ల బల్బు పెడతారు. బల్బు భగ్గున వెలిగితే 'ఎర్తు ఫస్టు క్లాసు' అంటారు. ఈ పరీక్షను నమ్మొద్దు. వంద వాట్ల బల్బు తనే సుమారు 530 ఓంలు. ఎర్తు 50 ఓంలున్నా బల్బుకు 210 వోల్టులు అందుతాయి, కంటికి తేడా తెలియదు. అదే 50 ఓంల ఎర్తు మీద మిషను బాడీకి ఫేజు తగిలితే పారేది నాలుగున్నర ఆంపియర్లు. దానికి ఏ ఎంసీబీ (కరెంటు మితిమీరితే పడే స్విచ్చి) పడదు, బాడీ మాత్రం 230 వోల్టుల దగ్గర నిలబడి ఉంటుంది.

పోనీ మంచి ఎర్తే ఉందనుకోండి. మన గొయ్యి 9 ఓంలు, ట్రాన్స్‌ఫార్మరు వైపు ఒక ఓము. ఫాల్టు కరెంటు 23 ఆంపియర్లు. 5 హెచ్‌పీ మోటారుకు వేసే 16 ఆంపియర్ల సి రకం ఎంసీబీ తక్షణం పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు పారాలి. 23కి అది వేడెక్కి పడాలి, గంట దాకా పట్టొచ్చు. అంతసేపూ ప్లేనరు బల్ల మీద 200 వోల్టుల పైనే. గొయ్యి ఎంత లోతుగా తవ్వినా మన ఊళ్ల సర్వీసుల్లో ఈ లెక్క మారదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీకి ఆ 23 ఆంపియర్లు ఎన్నో వందల రెట్లు. కన్ను మూసి తెరిచేలోపు, 0.04 సెకన్లలో, లైను కోసేస్తుంది. ఎర్తు మూడింతలు పెరిగినా దానికి లెక్కలేదు. ఓవర్‌లోడు, షార్టు సర్క్యూటు మాత్రం దానికి పట్టవు, వాటికి ఎంసీబీ ఉండాల్సిందే. ఒక చెయ్యి ఫేజు మీద, ఇంకో చెయ్యి న్యూట్రల్ మీద వేస్తే కూడా అది కాపాడదు.

బిగింపు ఇలా ఉంది: మీటరు తర్వాత నాలుగు పోల్స్ ఐసొలేటరు (మూడు ఫేజులనూ న్యూట్రల్‌నూ ఒకేసారి విడదీసే స్విచ్చి), ఆ తర్వాత కాస్త ఆలస్యంగా పడే ఎస్ రకం 300 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ. షెడ్డు బోర్డులో మిషన్లకు నాలుగు పోల్స్ 40 ఆంపియర్ల, 30 మిల్లీ ఆంపియర్లది ఒకటి, లైట్లకు రెండు పోల్స్‌ది వేరే. ఈ వేరు చేయడం మొదటి ఏడాది లేదు. మిషను లీకై మెయిను పడితే లైట్లూ ఆరిపోయేవి. చీకట్లో రంపం బ్లేడు ఇంకా తిరుగుతూనే ఉంటుంది, చెయ్యి ఎక్కడుందో తెలియదు. షాక్ కంటే అదే ఎక్కువ భయం.

ఆర్‌సీసీబీ మీద జనానికున్న ఫిర్యాదు ఒక్కటే: ఊరికే పడిపోతోందని. ఏడేళ్లలో అది ఊరికే పడింది లేదు, ప్రతిసారీ కారణం దొరికింది. ఎక్కువసార్లు జూలై ఆగస్టుల్లో. స్టార్టరు పెట్టెలో పొట్టు పేరుకుని, అది చెమ్మ పట్టి, టెర్మినల్ నుంచి బాడీకి సన్నగా పాకుతుంది. 30 మిల్లీ ఆంపియర్ల పరికరం 15 నుంచి 30 మధ్య ఎక్కడైనా పడొచ్చు కాబట్టి మూడు మిషన్ల చిన్న లీకులు కలిస్తే చాలు. మిషన్లను ఒక్కొక్కటిగా విప్పి 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషను కొలిచే మీటరు) వైండింగుకీ బాడీకీ మధ్య చూడండి. ఒక మెగాఓము కంటే తక్కువ వచ్చిందే దోషి. ఇంకో కారణం, లైట్ల న్యూట్రల్‌ను పొరపాటున మిషన్ల ఆర్‌సీసీబీ లింకులో కలపడం. లైటు వేయగానే ఆర్‌సీసీబీ పడుతుందంటే ఇదే. పడుతోంది కదాని దాన్ని బైపాస్ చేసిన షెడ్డులోకి పనికి వెళ్లకపోవడం మంచిది.

నెలకోసారి టెస్టు బటను నొక్కాలి. న్యూట్రల్ కలపకుండా మూడు ఫేజులు మాత్రమే ఇస్తే చాలా నాలుగు పోల్స్ వాటిలో ఆ బటను పనిచేయదు. పరికరం ముఖం మీదున్న బొమ్మ చూసి కలపాలి.

ఇక గోతుల్లో ఏం పాడైందంటే, ఉప్పు. ఉప్పు ఓంలు తగ్గిస్తుంది, పైపును తింటుంది. ఆరో ఏడు పైన క్లాంపు దగ్గర తవ్వి చూస్తే బోల్టు తల లేదు, ఎర్రటి పొడి ఉంది. జీఐ పట్టీ పైపును ఊరికే ఆనుకుని ఉంది. పైనుంచి చూస్తే గొయ్యి, మూత, అంతా చక్కగానే. ఆ గోతిలో ఇప్పుడు మూడు మీటర్ల రాగి పూత రాడ్డు, ఉప్పు బదులు తేమ పట్టి ఉంచే బెంటొనైటు మట్టి. వేసవిలో తేడా ఒకటి రెండు ఓంలే, కానీ నీళ్లు పోసే చాకిరీ తగ్గింది. కెమికల్ ఎర్తింగు అని వేలకు వేలు చెప్పే పైపులు ఈ స్థాయి షెడ్డుకు అక్కర్లేదు.

గోతుల నుంచి షెడ్డులో గోడ మీద ఒక ఎర్తు బస్సు (ఎర్తు వైర్లన్నీ కలిసే లోహపు పట్టీ), అక్కడి నుంచి ప్రతి మిషనుకూ రెండు వేర్వేరు ఆకుపచ్చ వైర్లు, 4 చదరపు మి.మీ. రాగి. త్రీఫేజ్ మోటారుకు రెండు విడి ఎర్తులు ఉండాలన్నది నిబంధన కూడా. రెండూ ఒకే బోల్టు కింద పెడితే రెండు కాదు, ఒకటే. పునాది బోల్టుకో టెర్మినల్ మూత స్క్రూకో కలపొద్దు. మోటారు మీద ఎర్తు గుర్తున్న చోటే పెయింటు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించాలి. కొత్త మిషన్లలో ఎర్తు 'ఇచ్చినా' రాకపోవడానికి సగం కారణం ఆ పెయింటే. న్యూట్రల్‌ను బాడీకి కలిపి ఎర్తు అనడం మాత్రం చావు కొనితెచ్చుకోవడం. స్తంభం మీద న్యూట్రల్ తెగిన రోజు లైట్ల గుండా వచ్చే ఫేజు నేరుగా మిషను బాడీ మీదికి వస్తుంది.

స్టార్టర్లు డీఓఎల్ (మోటారుకు నేరుగా పూర్తి వోల్టేజి ఇచ్చే రకం), లోపలి కాంటాక్టరును, అంటే మోటారుకు లైను కలిపే స్విచ్చిని, పట్టి ఉంచే కాయిలు 415 వోల్టులది. ఈ కాయిలు రెండు ఫేజుల మధ్యే ఉంటుంది. అంటే ఆర్, వై ఫేజుల మీద కాయిలుండి బి ఫేజు పోతే కాంటాక్టరు వదలదు. మోటారు మూలుగుతూ రెండు ఫేజుల మీదే నడిచి కాలిపోతుంది. దీనికే ఎస్పీపీ. వోల్టేజి చూసే చవక రకం ఎందుకు మోసపోతుందంటే, తిరుగుతున్న మోటారు పోయిన ఫేజు టెర్మినల్‌లో తనే కొంత వోల్టేజి పుట్టిస్తుంది. అది చూసి పరికరం మూడూ ఉన్నాయనుకుంటుంది. కరెంటు చూసే రకం, మూడు ఫేజు వైర్లు దాని కన్నాల గుండా దూర్చేది, ఈ మోసంలో పడదు. ఇప్పుడు ప్లేనరుకు అదే, ఇంతవరకూ వైండింగు పోలేదు.

ఓవర్‌లోడు రిలేను (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ఆపేది) నేమ్‌ప్లేటు మీదున్న ఆంపియర్లకే పెట్టాలి, 5 హెచ్‌పీకి సుమారు 7.5, 3 హెచ్‌పీకి 5 లోపు. సాయంత్రం వోల్టేజి 370కి దిగితే అదే లోడుకు కరెంటు పెరిగి రిలే పడుతుంది. చాలామంది వెంటనే స్క్రూడ్రైవరుతో డయలు 10కి తిప్పుతారు. పడేది రిలే తప్పు వల్ల కాదు, ఆ గంట మందపు చెక్క ఆపి పలుచగా చిత్రిక పట్టుకోవాలి. వోల్టేజి 350కి దిగితే కాంటాక్టరు టకటక కొట్టుకోవడం మొదలవుతుంది, అప్పుడు ఆపేయడమే.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను లైన్లన్నీ పడేసింది. మళ్లీ స్తంభాలెత్తి కరెంటు ఇచ్చాక ఫేజుల వరస మారింది, మూడు మోటార్లూ ఎదురు తిరిగాయి. రంపం ఎదురు తిరిగితే బ్లేడు నట్టు వదులయ్యే ప్రమాదం ఉంది. లైను మరమ్మతు జరిగిన ప్రతిసారీ చెక్క పెట్టకుండా, మోటారు ఒక్క క్షణం వేసి ఆపి, బాణం గుర్తు వైపే తిరుగుతోందో చూసుకోవాలి. అన్నీ తిరగబడితే షెడ్డు ఐసొలేటరు దిగువన ఏవైనా రెండు ఫేజులు మార్చితే చాలు, ఒక్కో మోటారు విప్పక్కర్లేదు. వరస తప్పితే కాంటాక్టరును పట్టనివ్వని రిలే ఇప్పుడు బోర్డులో ఉంది.

కేబులు మీద చెప్పుకోవాల్సింది తక్కువ. ఇంటి నుంచి షెడ్డుకు 30 మీటర్లు, నాలుగు కోర్ల 6 చదరపు మి.మీ. రాగి ఆర్మర్డ్ (పైన ఇనుప కవచమున్నది), ఆర్మర్‌కు రెండు చివర్లా ఎర్తు. ఇబ్బంది పెట్టింది దాని చివరే, సర్వీసు అల్యూమినియం వైరు రాగిని కలిసే చోట. మామూలు లగ్గు (వైరు చివర తొడిగే లోహపు తొడుగు) వేస్తే ఏడాదిన్నరకు అక్కడి ఇన్సులేషను టీ రంగుకు తిరిగి, పెట్టె తెరవగానే చేపల కంపులాంటి వాసన వచ్చింది. రాగి, అల్యూమినియం రెండూ కలిపి చేసిన బైమెటల్ లగ్గు వేశాక మళ్లీ రాలేదు. ఏటా వానలకు ముందు మెయిను ఆపి, టెస్టరుతో మూడు ఫేజులూ లేవని చూసుకుని, ప్రతి స్క్రూ ఒకసారి బిగించడానికి గంట పడుతుంది. మీటరు దాకా ఉన్న భాగం మనం ముట్టుకునేది కాదు, లైసెన్సున్న కాంట్రాక్టరుతోనే చేయించాలి.