ముగ్గురు పిల్లలకి ఒకే చరిత్ర పాఠం: ఇంటి చదువుకి మేం వాడుతున్న పుస్తకాలు

ఇంట్లోనే చదువు చెప్పుకునేవాళ్లకి లెక్కలు, భాష ఎవరి స్థాయికి తగ్గట్టు వాళ్లకి విడిగా చెప్పక తప్పదు. చరిత్రకి ఆ అవసరం లేదు. మా పెద్దమ్మాయికి పదమూడేళ్లు, నడిపివాడికి తొమ్మిది, చిన్నదానికి ఆరు. ఒకరు హరప్పాలో, ఒకరు మొగలాయిల దగ్గర, ఇంకొకరు ఉప్పు సత్యాగ్రహంలో ఉంటే అన్నాల దగ్గర ముగ్గురూ కలిసి మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు. చెప్పే అమ్మకి కూడా రోజుకి మూడు పాఠాల తయారీ అంటే టెన్షనే. అందుకని ముగ్గురూ ఒకే కాలంలో ఉండాలి, లోతు మాత్రం ఎవరిది వాళ్లది అని ముందే అనుకుని పుస్తకాలు వెతికాను. తిరుపతిలో నాకు తెలిసిన తల్లులు కొందరు ఇదే విషయం అడుగుతున్నారు కాబట్టి, మేం వాడేవీ వదిలేసినవీ ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక ఆన్‌లైన్ కంపెనీ ప్యాకేజీ ట్రయల్ తీసుకున్నాం. తరగతికో కిట్టు, తలకో ఫీజు. ముగ్గురూ కలిసి వినే పాఠం ఏమైనా ఉందా అని ఫోన్ చేసి అడిగితే, ఎవరి లాగిన్‌లో వాళ్లే చూడాలి మేడం అన్నారు. వర్క్‌షీట్లలో సంవత్సరాలూ రాజధానుల పేర్లూ ఖాళీల్లో నింపడమే ఎక్కువ. అది మాకు పనికిరాదని అక్కడితో ఆపేశాం.

ఇప్పుడు మా ఇంట్లో పైకి చదివి వినిపించే పుస్తకం సూసన్ వైజ్ బాయర్ రాసిన ‘ది స్టోరీ ఆఫ్ ది వరల్డ్’. నాలుగు సంపుటాలు. మొదటిది సంచార జీవుల కాలం నుంచి రోమ్ పతనం దాకా, రెండోది మధ్యయుగాలు, మూడోది సుమారుగా 1600 నుంచి 1850 వరకు, నాలుగోది అక్కణ్ణించి సోవియట్ యూనియన్ కూలిపోయేదాకా. ఏడాదికొకటి చొప్పున నాలుగేళ్లు పడుతుంది. మళ్లీ మొదటికి వచ్చేసరికి మా చిన్నదానికి పదేళ్లు నిండుతాయి. అప్పుడు అదే ఈజిప్టుని పెద్ద పుస్తకాలతో చదువుతుంది. వయసుల్లో తేడా ఉన్న పిల్లలకి ఈ అమరిక బాగా నప్పుతుంది. ఎవరు ఏ ఏడు చేరినా ఫరవాలేదు, వాళ్ల వంతు మళ్లీ వస్తుంది.

అధ్యాయాలు చిన్నవి, కథ చెప్పినట్టు సాగుతాయి. మొదటి సంపుటంలో సంచార జీవితం గురించి చెప్పడానికి తారక్ అనే ఒక చిన్న పిల్లని ఊహించి ఆ పిల్ల కళ్లతో చెబుతుంది. మా చిన్నదానికి ఇంగ్లీషు ఇంకా రాదు. నేను ఒక పేరా చదువుకుని తెలుగులో చెబుతాను, అది నోరు తెరుచుకుని వింటుంది. ఈ పుస్తకానికి ఆడియో కూడా ఉంది కానీ అది పెద్దదానికే ఉపయోగపడింది. చిన్నవాళ్లకి అమ్మ గొంతులో, మన మాటల్లో చెబితేనే ఎక్కుతుంది. రాత్రి వాళ్ల నాయన దుకాణం నుంచి రాగానే ఆ కథంతా తిరిగి ఆయనకి అప్పజెబుతుంది. ఆరేళ్ల పిల్లకి అంతకన్నా పరీక్ష అక్కర్లేదు.

దీనికి జతగా అమ్మే యాక్టివిటీ బుక్ విడిగా కొనుక్కోవాలి. ఖరీదు ఎక్కువే, అయినా నేను దాన్నే ముందు కొనమంటాను. ప్రతి అధ్యాయానికీ ప్రశ్నలు, పిల్లలు తమ మాటల్లో తిరిగి చెప్పాల్సిన భాగం, పటం పని, రంగులు వేసే బొమ్మ ఉంటాయి. ఒకే ఇంటి పిల్లల కోసం ఆ పేజీలు జిరాక్స్ తీసుకోవచ్చు. చిన్నది రంగులు వేస్తుంది, నడిపివాడు పటంలో నదులు గుర్తిస్తాడు, పెద్దది సారాంశం రాస్తుంది. పాఠం ఒకటే, బల్ల ఒకటే. అందులో ఇచ్చిన అదనపు పుస్తకాల జాబితా మాత్రం మనకి పెద్దగా అక్కరకి రాదు. అవి ఇక్కడి లైబ్రరీల్లో దొరకవు.

లోటు కూడా చెప్పాలి. ఇది అమెరికా పిల్లల కోసం రాసిన పుస్తకం. మొహెంజొదారో, సిద్ధార్థుడు, మౌర్యులు వస్తారు కానీ మొత్తం మీద మన దేశానికి దక్కిన అధ్యాయాలు కొన్నే. ఇది ఒక్కటే చదివిన పిల్లలకి రోమ్ చక్రవర్తుల పేర్లు తెలుస్తాయి, శాతవాహనుల పేరు తెలీదు. ఇంకో సంగతి, మొదటి సంపుటంలో బైబిల్లోని అబ్రహాం, మోషే కథలు కూడా చరిత్ర వరుసలోనే వస్తాయి. ఏది కథ, ఏది ఆధారం ఉన్న సంగతి అన్నది పెద్ద పిల్లలకి మనమే విడదీసి చూపించాలి.

దానికి మన తిరుపతిలోనే మంచి సామగ్రి ఉంది. గంగమ్మ జాతరకి మా నడిపివాడు వేషం కడతాడు. ఆడవాళ్లని ఏడిపించిన పాలెగాణ్ణి పట్టుకోవడానికి గంగమ్మ రోజుకో వేషం కట్టిందనీ, దాక్కున్నవాడు దొర వేషం చూసి బయటికి రాగానే సంహరించిందనీ వాళ్ల అవ్వ చెబుతుంది. ఇది నిజంగా జరిగిందా అని పెద్దది అడిగింది. అవ్వ చెప్పిన కథని తీసిపారేయకుండా, పాలెగాళ్లంటే ఎవరు, విజయనగర రాజుల కాలంలో వాళ్లకి ఏ అధికారం ఉండేది, రాజ్యం బలహీనపడ్డాక వాళ్లు ఎలా పెరిగారు అని చదవమన్నాను. పేరూ ఊరూ తెలియని ఒక పాలెగాడి మీద జనానికి ఉన్న కోపం ఇన్నాళ్లు నిలిచిందంటే అది కూడా చరిత్రేనని దానికి చెప్పాను. ఆ తర్వాత మోషే కథ చదివినప్పుడు నేను నోరు తెరవకముందే, దీనికి శాసనాలేమైనా ఉన్నాయా అమ్మా అని అదే అడిగింది. ఆ ప్రశ్న పుట్టడానికే నేను చరిత్ర చెబుతున్నాను.

మన దేశం లోటు పూడ్చడానికి కేంద్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాల సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు తీసుకున్నాం. వాళ్ల వెబ్‌సైట్లో పీడీఎఫ్‌లు ఉచితం. కొత్త సాంఘికశాస్త్రం పుస్తకాలు ఆరో తరగతికి 2024లో, ఏడు, ఎనిమిది తరగతులకి 2025లో వచ్చాయి. శాతవాహనులు ఏడో తరగతి పుస్తకంలో, విజయనగరం ఎనిమిదో తరగతి పుస్తకంలో ఉన్నాయి. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం ఒకే పుస్తకంలో కలిపేశారు కాబట్టి వరుసగా చదివితే మనకి కావలసిన కాలం చెదిరిపోతుంది. తరగతి అంకె చూడకుండా మాకు కావలసిన అధ్యాయం మాత్రం ప్రింటు తీసుకుంటాం. పటాలు, ఫొటోలు బాగున్నాయి. పెద్దది సొంతంగా చదువుకుంటుంది, నడిపివాడికి సగం చదివి వినిపించాలి, చిన్నదానికి బొమ్మలు చాలు. తెలుగులోనే చదివించాలనుకుంటే మన రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా ఉన్నాయి. పదాలు పోల్చి చూసుకోవడానికి మా వాడికి అవే బాగా పనికొచ్చాయి.

రెండు పుస్తకాలనీ కలిపి ఉంచేది గోడ మీది కాలరేఖ. పాత క్యాలెండర్ల వెనకవైపు అతికించి చేశాం. నూరేళ్లకి మూడంగుళాలు. హరప్పా నగరాల నుంచి ఇవాళ్టిదాకా పదకొండున్నర అడుగులు వచ్చింది, హాలు గోడకి సరిగ్గా సరిపోయింది. ఏ పుస్తకంలో చదివినా చీటీ ఇక్కడే అంటించాలి. క్రీస్తు పూర్వం మూడో శతాబ్దం దగ్గర అశోకుడి చీటీ అంటించి, కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఆయన శాసనాలు ఉన్నాయని పటంలో చూపిస్తే, మన వైపు కూడా వచ్చాయా అని నడిపివాడు ఆశ్చర్యపోయాడు. 575 దగ్గర కడప జిల్లా కలమళ్ల శాసనం చీటీ పెద్దది రాసింది. దొరికినవాటిలో మొదటి తెలుగు శాసనం అదేనని తెలిశాక దాని ఫొటో చూసి అక్షరాలు కూడబలుక్కుంటూ చాలాసేపు కూర్చుంది.

తిరుపతిలో ఉండి చరిత్ర చెప్పేవాళ్లకి చంద్రగిరి కోటని మించిన పుస్తకం లేదు. బస్సెక్కితే కొంచెంసేపట్లో చేరతాం. రాజమహల్లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది. శుక్రవారం సెలవు, అది చూసుకుని బయల్దేరండి. కర్ర వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టిన మహలు అది. చిన్నదానికి అంతస్తులు లెక్కపెట్టి బొమ్మ వెయ్యమంటాను. నడిపివాడికి 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకీ, ఆ తర్వాత ఇక్కడికీ ఎందుకు మారిందో చెబుతాను. పెద్దది 1639 దగ్గర ఆగుతుంది. ఈస్టిండియా కంపెనీకి మద్రాసు తీరంలో చోటు దొరికింది ఈ చంద్రగిరి రాజుల ఏలుబడిలోనే. ప్రపంచ చరిత్ర మూడో సంపుటంలో వచ్చే కంపెనీ కథ మనూరి పక్కన నిలబడి వింటే వేరుగా ఉంటుంది. తిరుమల దర్శనానికి వెళ్లినప్పుడు కూడా అంతే. శ్రీకృష్ణదేవరాయలు, ఇద్దరు దేవేరుల విగ్రహాలు చేతులు జోడించి అక్కడ నిలబడి ఉన్నాయి. ఆయన మొదటిసారి కొండకి వచ్చింది 1513లో. క్యూలో కదులుతూనే ఆ మాట పిల్లలకి చెప్పొచ్చు.

పరీక్షల సంగతి చాలామంది అడుగుతారు. పద్నాలుగు నిండాక, బడికి వెళ్లనివాళ్లకీ పరీక్షలు పెట్టే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్‌లో పదో తరగతి రాయొచ్చు, తెలుగు మాధ్యమం కూడా ఉంది. పెద్దదానికి ఆ సాంఘికశాస్త్రం పాఠాలు వచ్చే ఏడాది నుంచి విడిగా మొదలుపెడతాం. అప్పుడు కూడా సాయంత్రం చదివి వినిపించే పాఠానికి తమ్ముడూ చెల్లెలితో కలిసి కూర్చోవాల్సిందే.

కొనేవాళ్లకి నా మాట ఇది. నాలుగు సంపుటాలూ ఒకేసారి కొనొద్దు. మొదటి సంపుటం, దాని యాక్టివిటీ బుక్ తీసుకుని, ఎన్‌సీఈఆర్‌టీ అధ్యాయాలు పక్కన పెట్టుకుని ఒక ఏడాది నడపండి. మీ పిల్లలందరూ పదేళ్లు దాటినవాళ్లయితే ఈ సెట్టు అక్కర్లేదు, వాళ్లకి ఈ కథలు పలచగా అనిపిస్తాయి. అందరూ ఏడేళ్లలోపు వాళ్లయినా తొందరపడొద్దు. నాలుగో సంపుటంలో ప్రపంచ యుద్ధాలు, యూదుల ఊచకోత ఉన్నాయి. మా చిన్నదానికి అప్పటికి తొమ్మిదేళ్లొస్తాయి. అయినా ఆ అధ్యాయాలు ముందు నేను చదివి, దానికి ఎంతవరకు చెప్పాలో వాళ్ల నాయనతో మాట్లాడుకున్నాకే తెరుస్తాను.